పాత మాన్యువల్ జూమ్ లెన్స్‌ను డిజిటల్ కెమెరాకు తగిలించడం గురించి

ప్రశ్న:
ఫిల్మ్ కాలం నాటి 70–210 మి.మీ. జూమ్ లెన్స్ ఒకటి నాకు చవకగా దొరుకుతోంది. అది మినోల్టా ఎండీ మౌంట్‌ది (మౌంట్ అంటే లెన్స్‌ను కెమెరాకు బిగించే అమరిక). ప్రస్తుతం నా దగ్గర కానన్ ఈఎఫ్ మౌంట్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే డిజిటల్ కెమెరా) ఉంది. త్వరలో సోనీ ఈ మౌంట్ మిర్రర్‌లెస్ (ఆ అద్దం లేని కెమెరా) కొనాలనుకుంటున్నాను. రెండింటిలోనూ ఇది పనిచేస్తుందా? పాత జూమ్‌లతో తీసిన ఫొటోలు వెలిసిపోయినట్టు ఉంటాయన్నది నిజమేనా?

జవాబు 1:
డీఎస్ఎల్ఆర్ కోసమైతే వద్దని గట్టిగా చెబుతాను. మౌంట్ నుంచి సెన్సర్ వరకు ఉండవలసిన దూరం మినోల్టా ఎండీకి 43.5 మి.మీ., కానన్ ఈఎఫ్‌కు 44 మి.మీ. కాబట్టి అడాప్టర్ (రెండు వేర్వేరు మౌంట్‌లను కలిపే రింగు) మందం కూడా కలిసేసరికి లెన్స్ ఉండవలసిన చోటు కంటే ముందుకు జరిగి, దూరపు కొండలు, చంద్రుడు వంటివి ఫోకస్‌లోకి రావు. గాజు అమర్చిన అడాప్టర్లు ఈ లోపాన్ని సరిదిద్దుతాయి గానీ, చవక రకాల్లో ఆ గాజే స్పష్టతను దెబ్బతీస్తుంది. సోనీ ఈ మౌంట్‌లో ఆ దూరం 18 మి.మీ. మాత్రమే కనుక, మిగిలిన 25.5 మి.మీ. నింపడానికి గాజు లేని గొట్టం లాంటి అడాప్టర్ చాలు. ఏపీఎస్-సీ (ఫిల్మ్ ఫ్రేమ్ కంటే చిన్నది) సెన్సర్ అయితే దృశ్యకోణం 105–315 మి.మీ. లెన్స్‌తో సమానంగా ఉంటుంది.

జవాబు 2:
వెలిసిపోయినట్టు కనిపించడానికి కారణం చాలాసార్లు కాంట్రాస్ట్ (వెలుగునీడల మధ్య తేడా) తగ్గడమే. పూత లేని గాజు ఒక్కో తలం దగ్గర సుమారు 4 శాతం కాంతిని వెనక్కి పంపుతుంది. జూమ్‌లో గాజు పలకలు ఎక్కువ కాబట్టి, పాత పూతలు ఎంత తగ్గించినా ఎదురు వెలుతురులో ఆ ప్రతిఫలనాలు పేరుకుని నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. హుడ్ (లెన్స్ ముందు తగిలించే నీడ గొట్టం) తప్పక వాడండి, అపెర్చర్‌ను (కాంతి లోపలికి వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/8 దగ్గర ఉంచి తీయండి, రా ఫైల్‌లో (కెమెరా సవరించని మూల ఫైల్‌లో) కాంట్రాస్ట్ పెంచండి. కొమ్మల అంచుల్లో వచ్చే ఊదా రంగును కూడా అక్కడే చాలావరకు తగ్గించవచ్చు. ఇంతమాత్రానికే మంచి లెన్స్‌ను వదులుకోవడం నాకు సమ్మతం కాదు.

జవాబు 3:
కొనే ముందు టార్చి వేసి గాజు లోపల ఫంగస్ ఉందేమో, అపెర్చర్ రెక్కలకు నూనె అంటిందేమో చూడండి. ఫంగస్ పూతను తినేసి ఉంటే శుభ్రం చేసినా మచ్చ పోదు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. మిర్రర్‌లెస్ వచ్చాకే తీసుకుంటాను. కెమెరా బాడీలోని స్టెబిలైజేషన్ (చేతి కుదుపును సర్దే ఏర్పాటు) దీనితో పనిచేస్తుందా?

జవాబు 1:
పనిచేస్తుంది. అయితే ఎలక్ట్రానిక్ సంబంధం లేనందువల్ల ఫోకల్ లెంగ్త్‌ను (70–210లో వాడుతున్న మి.మీ. సంఖ్యను) మెనూలో మీరే నమోదు చేయాలి, జూమ్ మార్చినప్పుడల్లా దాన్నీ మార్చాలి. 70 అని ఉంచి 210 దగ్గర తీస్తే కుదుపు పూర్తిగా సర్దుబాటు కాదు. ‘లెన్స్ లేకుండా షట్టర్ విడుదల’ అనే అమరికను కూడా ఆన్ చేసుకోండి. లేకపోతే కెమెరా ఫొటో తీయకపోవచ్చు.