అమరావతి మహాచైత్యం: కంటికి కనిపించని ధాన్యకటకాన్ని పిల్లలకు ఎలా చూపించాలి?

ప్రశ్న: సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. తొమ్మిదో తరగతి పిల్లలను ఏటా అమరావతికి తీసుకెళ్లడం మా బడిలో ఆనవాయితీ. శాతవాహనుల గురించి, వారి కాలపు నగరమైన ధాన్యకటకం గురించి, పల్నాటి సున్నపురాతి మీద చెక్కిన బొమ్మల గురించి పాఠంలో చదువుకుని ఎంతో ఉత్సాహంగా బస్సు దిగిన పిల్లలు, అక్కడ గడ్డి మొలిచిన గుండ్రని దిబ్బనూ దాని చుట్టూ నిలబెట్టిన కొన్ని రాళ్లనూ చూసి "టీచర్, స్తూపం ఏది?" అని అడుగుతారు. అది కాలగర్భంలో కలిసిపోయిందని ఒక్క మాటలో తేల్చేయడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

తెలిసినవారు దయచేసి మూడు సంగతులు వివరించగలరా? నిలిచి ఉన్న రోజుల్లో ఆ కట్టడం ఎలా ఉండేది? దాని రాళ్లన్నీ ఎటు పోయాయి? జమీందారు తన ఊరి కట్టడాలకు వాడేశాడని కొందరు, ఇంగ్లీషువాళ్లు ఓడల్లో ఎత్తుకుపోయారని కొందరు చెబుతుంటారు, ఇందులో నిజమెంత? ఇక మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది: స్తూపం సరే, దానిని కట్టించిన నగరం ఎక్కడ ఉంది, అక్కడ ఎలాంటి మనుషులు బతికారు?

జవాబు 1: కట్టడాల రూపశిల్పి, విజయవాడ

మీ పిల్లల ప్రశ్నకు జవాబు ఆ స్తూపం మీదే చెక్కి ఉందండి. మహాచైత్యం, అంటే ఆ పెద్ద స్తూపం, అడుగుభాగాన్ని కప్పిన పలకల్లో కొన్నింటి మీద శిల్పులు అదే స్తూపం రూపాన్ని చిన్నదిగా, ఎంతో వివరంగా చెక్కారు. తన ఆకారాన్ని తన ఒంటి మీదే ఇంత శ్రద్ధగా దాచుకున్న కట్టడాలు చాలా అరుదు. అందుకే దిబ్బ దగ్గరికి వెళ్లకముందే ఆ పలక ఫొటో ఒకటి పెద్దదిగా అచ్చు వేయించి పిల్లల చేతికి ఇవ్వండి.

దానిని కింది నుంచి పైకి చదవాలి. అన్నిటికంటే ముందు కనిపించేది రాతి ప్రాకారం. నిలువు స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా మూడేసి కమ్ములు, వాటన్నిటి మీద వరుసగా కూర్చిన పైరాళ్లు, ఇవన్నీ వడ్రంగి కర్రను కర్రలో దిగేసినట్టు ఒకదానిలో ఒకటి అమిరి ఉంటాయి. బయటినుంచి వచ్చేవారికి ఎదురయ్యేవి విప్పారిన తామరపూల వృత్తాలు, వాటి పైన యువకులు భుజాన మోసుకెళ్తున్న పొడవాటి పూలదండ. లోపలివైపు మాత్రం జాతక కథలు, బుద్ధుని జీవిత ఘట్టాలు ఉంటాయి. అంటే బయట నిలబడినవాడికి అలంకారం, లోపలికి వచ్చి ప్రదక్షిణ చేసినవాడికి కథ. ఈ ఏర్పాటును పిల్లలు చాలా తేలికగా పట్టుకుంటారు.

సాంచీలో ఉన్నట్టు ఇక్కడ ఎత్తైన తోరణాలు లేవు. నాలుగు దిక్కులా ప్రాకారమే కొంచెం ముందుకు వచ్చి ద్వారం అవుతుంది, ఆ ద్వారస్తంభాల మీద సింహాలు కూర్చుని ఉంటాయి. ద్వారంలోంచి చూస్తే ఎదురుగా స్తూపం అరుగు నుంచి ముందుకు వచ్చిన ఒక వేదిక, దాని మీద ఐదు నిలువు స్తంభాలు కనిపిస్తాయి. వీటినే ఆయక స్తంభాలు అంటారు. బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, తొలి ధర్మోపదేశం, మహాపరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు అవి గుర్తులని చెబుతారు. నాలుగు దిక్కులా వేదికలతో పాటు ఇలా ఆయక స్తంభాలను నిలపడం ఆంధ్రదేశపు స్తూపాలకు ప్రత్యేకమైన పద్ధతి, నాగార్జునకొండలోనూ ఇదే చూస్తాం. ఆ పైన పలకలు తొడిగిన అండం, అంటే స్తూపం గుండ్రని పైభాగం, దాని నెత్తిన చతురస్రపు కంచెలాంటి హర్మిక, ఛత్రాలు, ఆకాశంలో ఎగిరివస్తున్న దేవతలు.

కొలతలు కూడా చెప్పండి. అండం మొదలు దగ్గర కట్టడం అడ్డకొలత సుమారు 160 అడుగులు, ప్రాకారం బయటి అంచుల మధ్య సుమారు 190 అడుగులు. ఈ రెండింటి నడుమ ప్రదక్షిణ మార్గం ఉండేది. పిల్లలను ప్రాకారం గీత వెంబడి ఒక చుట్టు నడిపించండి, దాదాపు 600 అడుగులు నడుస్తారు. గడ్డిదిబ్బ చిన్నదిగా అనిపించడం ఆ నడకతోనే మానేస్తుంది.

జవాబు 2: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, గుంటూరు

రాళ్ల సంగతి నేను చెబుతానమ్మా. ఊళ్లో చెప్పుకునే రెండు మాటలూ నిజమే, కానీ రెండూ సగం సగం నిజాలు.

చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1796 ప్రాంతంలో తన నివాసాన్ని అమరేశ్వరుని సన్నిధికి మార్చుకుని కొత్త ఊరు కట్టించారు. ఊరు లేస్తోంది కాబట్టి ఇటుక కావాలి, రాయి కావాలి. దగ్గర్లోనే దీపాలదిన్నె అని పిలిచే పెద్ద దిబ్బ ఉంది, తవ్వితే ఇటుకా రాయీ రెండూ దొరికాయి. ఆ తవ్వకాల కబురు విని ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకెంజీ మొదటిసారి వచ్చి చూశారు. 1816లో ఆయన తన సిబ్బందితో మళ్లీ వచ్చి, మిగిలినదాన్ని కొలిచి, పటాలు గీయించి, శిల్పాల బొమ్మలు వేయించారు. ఆ బొమ్మల్లో ఉన్న రాళ్లు కొన్ని ఇప్పుడు ఎక్కడా లేవు, కాగితం మీద మాత్రమే మిగిలాయి.

ఆ తరువాత కొన్ని పలకలు మచిలీపట్నం చేరి, అక్కడి బజారులో అలంకారంగా నిలబడ్డాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి పెద్ద సంఖ్యలో శిల్పాలను మద్రాసుకు పంపారు. అవి అక్కడ ఏళ్ల తరబడి ఎండకూ వానకూ బయటే పడి ఉండి, 1859లో లండన్‌కు ఓడ ఎక్కాయి. లండన్‌లోనూ కొంతకాలం పట్టించుకున్నవారు లేరు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ప్రత్యేకమైన గదిలో ఉన్నవి చాలావరకు ఇవే.

నా మనసును అన్నిటికంటే కలచివేసేది ఆ తరువాతి ఘట్టం. 1877లో మద్రాసు ప్రభుత్వ అధికారి రాబర్ట్ సీవెల్ ఒక భాగాన్ని తవ్వి, వివరాలు జాగ్రత్తగా రాసుకున్నారు. 1880లో అప్పటి మద్రాసు గవర్నరు ఉత్తర్వుతో దిబ్బ మొత్తాన్ని ఖాళీ చేయించారు. ఏ రాయి ఏ చోట ఏ వరుసలో దొరికిందన్న లెక్క ఆ పనిలో నిలవలేదు. మరుసటి ఏడాది పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్గెస్ వచ్చేసరికి ఆయన చూసింది నడుమ పెద్ద గొయ్యి, దాని చుట్టూ చెదిరిన పలకలు. వాటిలో మంచివాటిని ఎంచి మద్రాసుకు పంపారు. నేటి చెన్నై మ్యూజియంలోని అమరావతి శిల్పసంపదలో ముఖ్యభాగం అదే. అక్కడ కూడా తొలినాళ్లలో కొన్నింటిని సిమెంటుతో గోడల్లోకి బిగించేశారు.

కాబట్టి తప్పంతా జమీందారుదే అనడం న్యాయం కాదని నా అభిప్రాయం. వెంకటాద్రి నాయుడి కాలానికి అది ఎవరిదో, ఎందుకు కట్టారో చెప్పేవారు లేని దిబ్బ. 1880 నాటికి దాని విలువ తెలుసు, మెకెంజీ పటాలు ఉన్నాయి, సీవెల్ నివేదిక ఉంది. తెలిసి చేసిన తొందరపాటు తెలియక చేసిన నష్టం కంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది. పిల్లలకు ఈ తేడా చెప్పండి, వాళ్లు అర్థం చేసుకునే వయసులోనే ఉన్నారు.

జవాబు 3: శాసనాలు చదివే అలవాటున్నవాడిని, సత్తెనపల్లి

నగరం గురించి అడిగారు. స్తూపం ఉన్న చోటికి పక్కనే ధరణికోట ఉంది. ధాన్యకటకం నగరభాగం అదే. పాత మట్టికోట కట్ట ఆనవాళ్లు ఈనాటికీ అక్కడ కనిపిస్తాయి. 1962-64 మధ్య జరిగిన తవ్వకాల్లో నదికి అనుసంధానించిన పడవ కాలువ, దాని గట్టున సరుకు దించే రేవు బయటపడ్డాయి. ఆ రేవును మొదట కర్రలతో, తరువాతి కాలంలో ఇటుకతో కట్టారు. కృష్ణ మీదుగా సముద్రం దాకా పడవలు నడిచిన ఊరు ఇది. మహాచైత్యానికి కావలసిన డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో ఆ రేవును చూస్తే తెలుస్తుంది.

ఎవరు ఇచ్చారన్నది రాళ్ల మీదే రాసి ఉంది. శాతవాహన రాజు వాసిష్ఠీపుత్ర పులుమావి కాలం నాటి శాసనం ఒకటి ఇక్కడ దొరికింది కానీ, దాతల్లో ఎక్కువమంది రాజులు కారు. గృహస్థులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు, వారి కుటుంబాలు. ఒక్కొక్కరు ఒక స్తంభమో, ఒక అడ్డకమ్మో, ఒక పలకో ఇచ్చుకుంటూ వచ్చారు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది విధికుడనే చర్మకారుని శాసనం. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, బంధుమిత్రులు అందరినీ కలుపుకుని, పూర్ణఘటం, అంటే నిండు కలశం, చెక్కిన పలకను తాను సమర్పించినట్టు ప్రాకృతంలో రాయించాడు. అమరావతి శిల్పుల పూర్ణఘటమే ఇప్పుడు మన రాష్ట్ర రాజముద్ర నడుమ ఉంది. పిల్లల పాఠ్యపుస్తకం మీద ఉన్న ఆ ముద్రను చూపించి విధికుడి పేరు చెప్పండి. తోలుపని చేసుకునే మనిషి తన ఇంటిల్లిపాది పేరున ఇచ్చిన రాయి ఆ మహాకట్టడంలో భాగమైందని వింటే, ధాన్యకటకంలో ఎలాంటి మనుషులు బతికారన్న మీ మూడో ప్రశ్న దానంతటదే తీరుతుంది.

నగరం ఎలా ఉండేదో కళ్లారా చూడాలంటే చెన్నై మ్యూజియంలోని నాలాగిరి వృత్తఫలకం ఫొటో వెతకండి. ఒకే వృత్తంలో రెండు ఘడియలు చెక్కారు. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో పడి మనిషిని తొండంతో విసురుతోంది, జనం ఒకరినొకరు పట్టుకుని చెదిరిపోతున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు మోకరిల్లింది. వెనుక మేడల కిటికీల్లోంచి ముఖాలు తొంగిచూస్తున్నాయి. కథ రాజగృహానిదే అయినా, ఆ మేడలు, కమాను కిటికీలు, నగరద్వారం శిల్పి తన చుట్టూ చూసినవే అయి ఉంటాయని నేను నమ్ముతాను. కర్రతో కట్టిన ఆ ఇళ్లు ఒక్కటీ మిగలలేదు, వాటి రూపం రాతిలో ఉండిపోయింది.

ఉపాధ్యాయిని:

మీ ముగ్గురికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. పూర్ణఘటం సంగతి చదివి మా పిల్లలకు రేపే చెప్పాలనిపించింది. ఒక్క సందేహం. అమరేశ్వరాలయానికీ మహాచైత్యానికీ ఉన్న సంబంధం ఏమిటి? బౌద్ధం పోయి శైవం వచ్చిందని, అక్కడితో ఒకటి ముగిసి ఇంకొకటి మొదలైందని పుస్తకాలు తేల్చేస్తాయి. అంతేనా?

జవాబు 4: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, గుంటూరు

అంత తేలిక కాదమ్మా. ఆలయంలోని ఒక స్తంభం మీద కోట వంశపు ప్రభువు కేతరాజు 1182లో వేయించిన శాసనం ఉంది. అందులో ధాన్యకటకాన్ని దేవతల నగరాన్ని మించినదిగా పొగుడుతూ, ఒకవైపు అమరేశ్వరుని కోవెలనూ, దాని చెంతనే ఉన్న బుద్ధదేవునీ, నానా చిత్రాలతో ఎంతో ఎత్తుగా ఉన్న చైత్యాన్నీ ఒకే వరుసలో స్తుతించారు. బుద్ధుని సన్నిధిలో అఖండదీపాలకు దానాలు కూడా ఇచ్చారు. అంటే పన్నెండో శతాబ్దం చివరి భాగంలోనూ చైత్యం నిలిచే ఉంది, పూజలు అందుకుంటూనే ఉంది, శివుణ్ణి కొలిచే ప్రభువు దానికి దీపాలు పెట్టించాడు. ఆ తరువాత కూడా, 1344 నాటి సింహళ శాసనం ఒకటి ధర్మకీర్తి అనే స్థవిరుడు (పెద్ద భిక్షువు) ధాన్యకటకంలో రెండంతస్తుల విగ్రహగృహాన్ని బాగు చేయించాడని చెబుతుంది. సముద్రం అవతలి బౌద్ధులు అప్పటికీ ఈ ఊరిని మరువలేదు.

ఆలయం వైపు చూస్తే, పంచారామాల్లో ఒకటిగా దాని ప్రాభవం కొనసాగింది. కొండవీడు గెలిచిన 1515లోనే శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ తులాపురుషదానం, అంటే తన ఎత్తు బంగారం దానం, చేశారు. ఇన్ని శతాబ్దాల పాటు ఒక ఊరు రెండు క్షేత్రాలనూ మోసిందన్న మాట. ఒకటి పోయాకే రెండోది వచ్చిందన్న లెక్క ఈ ఊరికి సరిపోదు.

ప్రయాణం గురించి ఒక సలహా. ముందు ధరణికోటలో ఆగి మట్టికట్ట చూపించండి. తరువాత పురావస్తు శాఖ మ్యూజియానికి వెళ్లండి, అక్కడ ప్రాకారంలో ఒక భాగాన్ని తిరిగి కూర్చి నిలబెట్టారు, స్తంభం, అడ్డకమ్మి, పైరాయి ఎలా అమరుతాయో పిల్లలు దగ్గరగా చూడవచ్చు. ఆ తరువాతే మహాచైత్యం, చివరగా ఆలయంలో ఆ స్తంభ శాసనం. మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు తప్పించి పెట్టుకోండి.