శెనక్కాయ ఎలర్జీ: కొంచెం కొంచెం తినిపిస్తే పోయినట్టా, అణిగినట్టా?

కావలి:
ఎలర్జీ ఉన్న పిల్లలకు ఆస్పత్రిలో అర మిల్లీగ్రాము ప్రోటీన్‌తో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి పెంచుతూ, రోజుకు 300 మి.గ్రా. దాకా తెస్తారు. అంటే సుమారు ఒక గింజ. దీన్ని టాలరెన్స్ (ఎలర్జీ పోయి ఒంటికి పడడం) అనడమే సబబని నా వాదన. శెనక్కాయ చట్నీ లేని టిఫిన్ బండి నెల్లూరు జిల్లాలో ఎక్కడుంది? పొరపాటున ఒక గింజ నోట్లో పడినా గండం గడిస్తే చాలు కదా.

ఒంగోలు:
గండం గడుస్తుంది, నిజమే. కానీ అది టాలరెన్స్ కాదండి. రోజూ తింటున్నంత కాలం, ఎలర్జీ లక్షణాలు తెచ్చే మాస్ట్ కణాలు మొద్దుబారి ఉంటాయి. ఐజీజీ4 అనే అడ్డుకునే యాంటీబాడీ పెరిగి, ఎలర్జీ తెచ్చే యాంటీబాడీ ఐజీఈ కంటే ముందే ఆ ప్రోటీన్‌ను పట్టేస్తుంది. ఐజీఈని మళ్ళీ పుట్టించే జ్ఞాపక కణాలు మాత్రం ఎక్కడికీ పోవు. 2019లో వచ్చిన పాయిజ్డ్ అధ్యయనం చూడండి: రెండేళ్లు తిని పూర్తిగా మానేసినవాళ్ళలో 4 గ్రాములు తట్టుకున్నది 3 నెలలకు 35 శాతం, ఏడాదికి 13 శాతం.

కావలి:
వాళ్ళంతా ఏడేళ్లు, ఆపై వయసువాళ్ళు. నాలుగేళ్లలోపు పిల్లల మీద 2022లో వచ్చిన మరో అధ్యయనం ఇంపాక్ట్‌లో ఆరు నెలలు మానేశాక కూడా 21 శాతం మంది నిలిచారు, ఉత్తుత్తి మందు తిన్నవాళ్ళలో 2 శాతమే. చిన్న వయసులో కణాల తీరు ఇంకా మార్చవచ్చు.

కోవూరు:
ఇద్దరూ ఎలర్జీ వచ్చాక సంగతే మాట్లాడుతున్నారు. అసలు కిటుకు అంతకు ముందుంది. పేగు దగ్గర ఉండి, తిన్నదాన్ని టీ కణాలకు చూపించే డెండ్రిటిక్ కణాలు విటమిన్ ఎ నుంచి రెటినోయిక్ ఆమ్లం చేసి, టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్‌తో కలిపి, కొత్త టీ కణాలను (ఒకరకం తెల్ల రక్తకణాలను) ఫాక్స్‌పీ3 అనే ప్రోటీన్ ఉన్న, రోగనిరోధక స్పందనను అణిచే నియంత్రక కణాలుగా మారుస్తాయి (2025 నోబెల్ ఈ కణాలకే). అదే ప్రోటీన్ ఎగ్జిమాతో (దురదపెట్టే చర్మపు జబ్బుతో) చిట్లిన చర్మం గుండా పోతే కథ తిరగబడుతుంది, ఐజీఈ పుడుతుంది. నోటికి పెట్టకుండా దాచి, ఇంట్లో మాత్రం శెనక్కాయల పొడి దంచుకుంటే జరిగేది అదే. 2015 లీప్ అధ్యయనంలో 4-11 నెలల పిల్లలకు వారానికి 6 గ్రాముల ప్రోటీన్ పెట్టారు. చర్మపరీక్షలో ఏమీ తేలని పిల్లల్లో ఐదేళ్లు వచ్చేసరికి ఎలర్జీ, తినకుండా ఉంచినవాళ్ళలో 13.7 శాతం ఉంటే, తిన్నవాళ్ళలో 1.9 శాతమే. తర్వాత ఏడాది మానేసినా ఆ తేడా నిలిచింది. నిలవడమంటే అదీ!

ఒంగోలు:
ఒప్పుకుంటాను. ఎలా పెట్టాలో కూడా చెప్పాలి: గింజలు వద్దు, పొలమారతాయి. మెత్తగా నూరిన శెనక్కాయ ముద్ద రెండు టీస్పూన్లు గోరువెచ్చని నీళ్లలో పలచగా కలిపి, వారానికి మూడుసార్లు. ఎగ్జిమా తీవ్రంగా ఉన్నా, గుడ్డు పడకపోయినా ముందు పరీక్ష చేయించాలి. ఎలర్జీ ఉందని తేలిన పిల్లలకు ఇంట్లో సొంతంగా మోతాదు పెంచొద్దు. నిన్న పడిన మోతాదే జ్వరంలోనో, ఆడి వచ్చిన వెంటనేనో, ఖాళీ కడుపుతోనో వికటించవచ్చు. అప్పుడు అడ్రినలిన్ ఇంజెక్షన్ తొడ బయటివైపు కండలోకి ఇవ్వాలి, కిలో బరువుకు 0.01 మి.గ్రా. సిట్రిజిన్ చుక్కలు వేసి కూర్చోవద్దు.