మావాడి జెర్సీ మీద పేరు పీకేయాలా, ఉంచాలా?

జెర్సీ_మిషన్_తిరపతి:

అన్నలకూ అక్కలకూ నమస్కారం. తిరపతిలో కొర్లగుంట పక్క నాకు చిన్న ప్రింటింగ్ షాపు ఉంది. స్కూలు స్పోర్ట్స్ డేలకూ, కాలేజీ టోర్నమెంట్లకూ జెర్సీల మీద పేర్లు, నంబర్లు కొట్టిస్తాను. పదకొండేళ్లుగా ఇదే పని. ఆర్డర్లు క్రికెట్‌వే ఎక్కువ వస్తాయి గానీ నా మనసంతా ఫుట్‌బాల్ మీదనే. మావాడికి పదమూడేళ్లు. వాడికి నాకంటే పిచ్చి. ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ అంటే ప్రాణం ఇస్తాడు.

2024లో వాడి పుట్టినరోజుకు ఎర్ర జెర్సీ తెప్పించి, వెనక 66 కొట్టి, పైన 'ట్రెంట్' అని తెలుగులో వేసిచ్చినాను. ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ అప్పుడు ఆ జట్టులో ఆడేవాడు, 66 అతని నంబరు. ట కింద రావత్తు సన్నగా ఉంటుంది కదా, స్టిక్కరు కట్ చేసేటప్పుడు రెండుసార్లు చినిగింది. మూడోసారికి కుదిరింది. వాడు పక్కనే స్టూలు మీద కూర్చొని చూస్తా ఉన్నాడు. ఆ రాత్రి జెర్సీ వేసుకొనే పడుకున్నాడు.

తర్వాత సంగతి మీకు తెలిసిందే. ఆరేళ్ల వయసులో ఆ క్లబ్బు అకాడమీలో చేరినవాడు, ఆ ఊర్లోనే పుట్టినవాడు, ఇరవై ఏళ్ల తర్వాత 2025 మేలో పోతున్నానని చెప్పినాడు. జూన్ 30కి కాంట్రాక్టు అయిపోతుంది కాబట్టి అమ్మి డబ్బు చేసుకునే దారి క్లబ్బుకు లేదు. క్లబ్ వరల్డ్ కప్పుకు నెలరోజులు ముందే కావాలని రియల్ మాడ్రిడ్ కోటి యూరోల దాకా ఇచ్చిందని పేపర్లలో రాసినారు. అట్లాంటి ఆటగాడికి అది ఒక మూలకు రాదు. మే 11న ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగితే సొంత గ్రౌండులో సొంత జనమే 'బూ' అని అరిచినారు. మావాడు అరవలేదు, ఏడవలేదు. లేచిపోయి జెర్సీ తీసుకొని బీరువాలో అన్నిటికన్నా అడుగున పెట్టేసినాడు.

నవంబరులో అతను మాడ్రిడ్ జట్టుతో లివర్‌పూల్ సొంత గ్రౌండు ఆన్‌ఫీల్డ్‌కు తిరిగొచ్చినాడు. మనకు రాత్రి ఒకటిన్నరకు మ్యాచ్. మావాడు అలారం పెట్టుకొని లేచినాడు. స్టేడియం దగ్గర గోడ మీదుండే అతని బొమ్మను అంతకుముందే ఎవరో రాతలు రాసి పాడుచేసినారు. మ్యాచ్ చివర్లో దిగితే, బంతి ముట్టుకున్నప్పుడంతా అరుపులే. లివర్‌పూల్ 1-0తో గెలిచింది. గెలిచినా మావాడి మొహంలో సంతోషం లేదు.

పొద్దున షాపుకు వచ్చి జెర్సీ నా బల్ల మీద పెట్టినాడు. "నాన్నా, ఈ పేరు పీకేయి" అన్నాడు.

పీకేది పెద్ద పని కాదు. మిషన్ కింద పెట్టి మళ్లీ వేడి చేస్తే స్టిక్కరు మెత్తబడుతుంది, పట్టకారుతో మూల పట్టి లాగితే వచ్చేస్తుంది. కానీ అక్షరాల ఆకారం గుడ్డ మీద నిలిచిపోతుంది. ఎరుపు మీద ఇంకొంచెం ముదురు ఎరుపు. ఎంత ఉతికినా పోదు.

కాంట్రాక్టు అయిపోయినోడు వేరేచోటికి పోతే తప్పేముందిరా అని వాడికి చెప్పబోయినాను. నా దగ్గర రెండేళ్లు పని నేర్చుకున్న కుర్రోడు, సరిగ్గా స్పోర్ట్స్ సీజను ముందర, ఎదురు షాపుకు పోయినాడు. అప్పుడు నేను వాణ్ని ఎన్నెన్ని మాటలన్నానో మావాడు విన్నాడు. "మరి ఆ అన్నను నువ్వెందుకు తిట్టినావు?" అని అడిగినాడు. నాకు నోట మాట రాలేదు.

ఈ కోపం న్యాయమేనా? మావాడికి ఏం చెప్పాలి?

మెసానికల్_గ్రౌండ్_కీపర్, చిత్తూరు:

పీకేయన్నా. మచ్చ పడితే పడనీ.

పోయేది తప్పని నేను అనను. పెంచినోళ్లకు చిల్లిగవ్వ దక్కకుండా పోయేది తప్పు. 2001లో సోల్ కాంప్‌బెల్ టాటెన్‌హామ్ కెప్టెన్. చిన్నప్పటి నుంచి పెంచిన క్లబ్బు అది. కాంట్రాక్టు అయిపోయేదాకా ఉండి, అదే లండన్లో బద్ధశత్రువైన ఆర్సెనల్‌కు ఫ్రీగా పోయినాడు. ఇరవై ఏళ్లు దాటినా ఆ జనం ఇంకా వాణ్ని జూడాస్, అంటే ద్రోహి, అనే పిలుస్తారు. ఆర్నాల్డ్ రెండేళ్లకు సంతకం చేసి, తర్వాత నన్ను అమ్ముకోండి అనింటే కోట్ల పౌండ్లు వచ్చుండేవి, ఆ డబ్బుతో ఇంకో ఆటగాణ్ని తెచ్చుకునేవాళ్లు. అన్నం పెట్టిన ఇంటికి ఆ మాత్రం చేయలేడా?

నా కథ ఒకటి చెప్తాను. మా టీములో లెఫ్ట్ వింగు ఆడే పిల్లోడు ఉండె. వాడికి బూట్లు లేకపోతే మేము తలా వంద వేసుకొని కొనిచ్చినాము. సైజు చూడ్డానికి నేనే వాణ్ని బండి మీద అంగడికి తీసకపోయినా. సెమీఫైనల్ ముందు రాత్రి ఇంకో టీమోళ్లు వచ్చి మాట్లాడుకున్నారు. మాకు ఒక్క మాట చెప్పలేదు. పొద్దున గ్రౌండుకు పోతే వాడు అవతలి పక్క నిలబడి ఉన్నాడు. అవే బూట్లు. రెండో హాఫ్‌లో గోల్ కొట్టింది వాడే, నా ఎడమ చేతి పక్క నుంచి. పన్నెండేళ్లు అయింది, ఆ బంతి నాకు ఇంకా కనిపిస్తా ఉంది. వాడు మొహం చూపించి "అన్నా, పోతాండా" అనింటే నేనే ఆటో ఎక్కించి పంపించుందును.

చంద్రగిరి_లెఫ్ట్‌బ్యాక్:

పేరు మచ్చ కనపడకుండా దాని మీద మీవాడి పేరే కొట్టేయన్నా. అక్షరాలు కొంచెం పెద్దవి చేస్తే కింద మచ్చ మునిగిపోతుంది.

నారాయణాద్రి_స్లీపర్, తిరుపతి:

కీపరు తమ్ముడూ, చెప్పకుండా పోయాడన్నావు చూడు, నీ బాధ అంతా అందులోనే ఉంది. అది నిజమైన బాధ. కానీ ఫ్రీగా పోయాడు అనే లెక్క దగ్గర నాకు అభ్యంతరం ఉంది.

పాతకాలంలో కాంట్రాక్టు అయిపోయినా ఆటగాడు కదలడానికి లేదు. కొత్త క్లబ్బు డబ్బు కడితేనే పాత క్లబ్బు వదిలేది. 1990లో బెల్జియంలో లియేజ్ క్లబ్బు ఆటగాడు బోస్మన్ ఫ్రాన్స్‌లోని డంకర్క్‌కు పోతానంటే, క్లబ్బు అడిగిన డబ్బు రాలేదని ఆపేశారు. పైగా జీతం కోశారు. అతను కోర్టుకెక్కాడు. 1995 డిసెంబరు 15న యూరోపియన్ కోర్టు తీర్పు ఇచ్చింది, కాంట్రాక్టు అయిపోతే మనిషి స్వేచ్ఛగా పోవచ్చని. గెలిచినా అతని ఆట అప్పటికే పాడైపోయింది. నేను ముప్పై ఏళ్లు యూనియన్లో తిరిగినవాణ్ని, ఆ తీర్పును తక్కువ చేసి మాట్లాడితే ఊరుకోలేను. వెనకటి వాళ్లు ఒకే క్లబ్బులో ఉండిపోయారంటే అదంతా ప్రేమే అనుకోవద్దు, సగం సంకెళ్లు.

ఆర్నాల్డ్‌ను ద్రోహి అన్న ఆ లివర్‌పూల్ జనమే అదే ఏడాది సెప్టెంబరు 1న ఇసాక్‌ను 12.5 కోట్ల పౌండ్లు పోసి తెచ్చుకున్నారు. బ్రిటన్లో అంతకుముందు ఎవరికీ అంత ఇవ్వలేదు. అతను న్యూకాజిల్‌కు ఆడనని భీష్మించుకొని కూర్చున్నవాడు. అక్కడివాళ్లు కడుపు మండి ఏడుస్తుంటే ఇక్కడ చప్పట్లు కొట్టారు.

ఇంక నా సంగతి. హైదరాబాద్ ఎఫ్‌సీ నా జట్టు. 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల దాకా పోయింది. మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. ఇంట్లో అందరినీ నిద్ర లేపాను. తర్వాతి సీజనులో సాయంత్రం తిరుపతిలో నారాయణాద్రి ఎక్కితే తెల్లవారేసరికి లింగంపల్లి, అక్కడి నుంచి గచ్చిబౌలి స్టేడియం దగ్గరే. అట్లా రెండు మ్యాచ్‌లకు పోయి పసుపు కండువా ఒకటి కొనుక్కున్నాను. ఆ తర్వాత జీతాల బకాయిల గొడవ, ఒక్కొక్క ఆటగాడే వెళ్లిపోవడం. వాళ్లను నేను ఒక్క మాట అనలేదు, జీతం రాకుండా ఎవరు ఉంటారు? చివరికి 2025లో క్లబ్బే ఢిల్లీకి పోయింది, పేరు కూడా మార్చుకుంది.

ఆటగాడు పోతే ఎప్పుడో ఒకసారి ఎదురు జట్టులో కనబడతాడు, అరిచి కడుపులోది కక్కుకోవచ్చు. క్లబ్బు పోతే ఎవరి మీద అరవాలి? ఇంకో మాట కూడా చెప్పాలి. 2019లో ఆ క్లబ్బు మనకు వచ్చింది పుణె క్లబ్బు పోయినందుకే. ఆ రోజు సంబరంలో పుణెలో నాలాంటివాడు ఒకడు కండువా పట్టుకొని కూర్చొని ఉంటాడని నాకు తోచలేదు. ఇప్పుడు తోస్తోంది.

పీఈటీ_అక్క, తిరుపతి:

బాబు కోపాన్ని తక్కువ చేయకండి. పిల్లలతో రోజూ గ్రౌండులో ఉండేదాన్ని, చెప్తున్నాను. ఊరికే ఎవరి మీదా అంత కోపం రాదు.

మే నెలలో మన గంగజాతరలో వేషం కట్టినవాళ్లు ఎదురైనవాళ్లను బూతులు తిడతారు. తిట్టించుకున్నవాళ్లకు కోపం రాదు, అమ్మవారి ముందర అది మొక్కు. జాతర అయిపోయాక వేషం తీసేసి, తిట్టినాయనే మన వీధిలో పాలు పోస్తాడు. స్టేడియంలో బూ అనడాన్ని నేను అట్లానే చూస్తాను. తొంభై నిమిషాలు అరవనీ. వేషం తీయనివాళ్లతోనే భయం. ఫిగో 2000లో బార్సిలోనా నుంచి మాడ్రిడ్‌కు పోయాడు. రెండేళ్ల తర్వాత 2002 నవంబరులో కూడా అతను కార్నర్ తీయడానికి పోతే సీసాలు విసిరారు. పంది తలకాయ విసిరారు. రెఫరీ ఆటను కాసేపు ఆపాల్సి వచ్చింది. ఆ వీడియో మా పిల్లలకు చూపిస్తే మొదట నవ్వారు, తర్వాత ఒక పాప "ఆయనకు పిల్లలుంటే టీవీలో చూసుంటారు కదా మేడమ్" అంది.

బాబుకు బాజ్జో సంగతి చెప్పండి. 1990లో ఫియొరెంటీనా అతన్ని యువెంటస్‌కు అమ్మేసింది. ఫ్లోరెన్స్ వీధుల్లో జనం, పోలీసులు కొట్టుకున్నారు, ఎంతోమందికి దెబ్బలు తగిలాయి. మరుసటి ఏడాది అదే ఊరికి ఆడడానికి వచ్చాడు. యువెంటస్‌కు పెనాల్టీ వచ్చింది. నేను కొట్టనన్నాడు. వేరేవాడు కొడితే గోల్‌కీపర్ ఆపేశాడు. తర్వాత అతన్ని బయటికి పిలిస్తే, నడుస్తూ పోతూ ఎవరో విసిరిన ఫియొరెంటీనా ఊదారంగు కండువా వంగి తీసుకున్నాడు. పోయినవాడి మనసు కూడా పోయిందని మనమెట్లా అనుకుంటాం?

లివర్‌పూల్‌లోనే 2005లో జెరార్డ్ చెల్సీకి పోతానంటే జెర్సీ కాల్చారు. తెల్లారేసరికి మనసు మార్చుకొని ఉండిపోయాడు, ఇంకో పదేళ్లు ఆడాడు. ఆ జెర్సీ కాల్చినతను ఆ పదేళ్లూ ఏం తొడుక్కొని గ్రౌండుకు పోయాడో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. తొందరపడి పీకొద్దు.

జెర్సీ_మిషన్_తిరపతి:

అందరికీ దండాలు. నిన్న రాత్రి షట్టరు సగం దించి, మీ మాటలన్నీ మావాడికి చదివి వినిపించినాను. కీపరన్న బూట్ల కథ ఇంకోసారి చదవమన్నాడు. పెద్దాయన చెప్పిన పుణె మాట దగ్గర నేనే ఆగిపోయినాను.

మిషన్ వేడెక్కినాక పట్టకారు వాడి చేతికే ఇచ్చినాను. కాలుతుంది, మెల్లగా అన్నాను. చివరి అక్షరం నుంచి మొదలుపెట్టినాడు. లేచి వచ్చింది. రావత్తు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపినాడు. "ఇది రెండుసార్లు చినిగింది కదా నాన్నా" అన్నాడు. అవునురా అన్నాను. కాసేపు చూసి అది కూడా లాగేసినాడు, చినక్కుండా. దాన్ని పారేయలేదు, నోటుబుక్కు అట్ట లోపల అంటించుకున్నాడు. 66 సంగతేంది అని అడిగితే "అది రేపు చూద్దాం" అన్నాడు.

షట్టరు కింద నుంచి చూస్తే ఎదురు షాపులో లైటు వెలుగుతా ఉంది. మా కుర్రోడు ఏదో స్కూలు ఆర్డరు కొడుతున్నాడు. గుడ్డను ముందు ఒకసారి ఉత్తగా వేడికి పెట్టి, చెమ్మ పోయినాక చేత్తో రెండుపక్కలా సాపు చేసి, అప్పుడు స్టిక్కరు పెడుతున్నాడు. నేను నేర్పించింది అట్లానే. మావాడు కూడా వంగి చూసినాడు. నన్నేమీ అడగలేదు.