అప్‌డేట్: కుక్కపిల్ల వచ్చాక కుందేలు తిండి మానేసింది, కారణం తెలిసింది

లాబ్రడార్ పిల్లను తెచ్చాక మా రెండు కుందేళ్లలో పెద్దది తిండి మానేసింది, కుక్కంటే భయమేనా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. ముఖ్యంగా "కుందేలు ఒక్క పూట తినకపోయినా ఆగకండి, వెంటనే చూపించండి" అన్నవారికి.

భయం కాదు, పళ్లు! డాక్టరు గారు నోట్లోకి లైటు వేసి చూస్తే వెనక పళ్లు మొనదేలి నాలుకను గీరుతున్నాయి. ఆకలి ఉంది, నమలలేకపోతోంది, అంతే. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయట, ఎండుగడ్డి నమిలితేనే అరుగుతాయట. మాదేమో పెల్లెట్లు (గుళికల మేత) కనిపిస్తే గడ్డి వైపు చూడని రకం. మత్తిచ్చి పళ్లు అరగదీశారు. ఇంటికొచ్చాక నొప్పి తగ్గగానే నా చేతిలోంచి కొత్తిమీర కట్ట లాక్కుంది. ఇప్పుడు ముందు గడ్డి, తర్వాతే మిగతావి.

అలాగని కుక్కపిల్లతో టెన్షన్ లేదని కాదు. కేజ్ కనిపిస్తే చాలు, మొరుగుడే మొరుగుడు. మీరు చెప్పినవాటిలో బాగా పనిచేసింది ఇది: గది గుమ్మానికి బేబీ గేటు, మెడకు లీషు, కుందేళ్ల మీంచి చూపు మా వైపు తిప్పినప్పుడల్లా ఉప్పూకారం లేని ఉడికించిన చికెన్ ముక్క. ఇప్పుడు గేటు ముందే కాళ్లు బారజాపి నిద్రపోతోంది. వాసన అలవాటు కావాలని కుందేళ్ల తువ్వాలు ఇవ్వమన్నారు కదా, దాన్ని పీలికలు చేసి పెట్టింది.

గేటు మాత్రం తీయడం లేదు. మనుషులు లేనప్పుడు ఒకేచోట వదలొద్దని, పెద్దయ్యాక కూడా అంతేనని డాక్టరు గారు గట్టిగా చెప్పారు.