ఐదో తరగతి పాప క్లాసులో నోరు విప్పదు. వదిలేయాలా, బలవంతంగా లేపాలా?

ప్రశ్న (అరండల్‌పేట, గుంటూరు)
పదేళ్ల పాప. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, క్లాసులో లేచి పాఠం చదవమంటే గొంతు పెగలదు. దసరా సెలవులయ్యాక ప్రతి సోమవారం పొద్దున్నే కడుపునొప్పి. డాక్టరు చూసి ఏమీ లేదన్నారు. టీచరు "సరే, కూర్చో" అని వదిలేస్తున్నారు. ఇది మంచిదేనా? "ధైర్యంగా ఉండు" అంటే ఏడుస్తోంది.

స్కూల్ కౌన్సెలర్, విజయవాడ
రెండూ వద్దండీ. కూర్చోమనగానే గుండెదడ తగ్గుతుంది. దాంతో 'తప్పించుకుంటేనే గండం గడుస్తుంది' అన్నది పిల్లకు వంటబట్టేస్తుంది. బలవంతంగా లేపితే వణుకుతూ నిలబడటమే గుర్తుండిపోతుంది.

మెట్లు కట్టండి. ఒక్కో పనికీ 0 నుంచి 10 దాకా భయం మార్కులు పాప చేతే వేయించండి. ఉదాహరణకు: ఇంట్లో పాఠం ఫోన్లో రికార్డు చేసి టీచరుకు వినిపించడం 3, ఇంటర్వెల్‌లో టీచరు ఒక్కరి ముందే రెండు లైన్లు చదవడం 4, పక్క బెంచీ అమ్మాయితో కలిసి చదవడం 6, కూర్చున్న చోటే ఒంటరిగా ఒక లైను 7, లేచి పేరా మొత్తం 9. మూడుతో మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ వారానికి నాలుగైదు సార్లు. మార్కు సగానికి దిగాకే పైకి. శనివారం ఒకసారి చేయించి వారమంతా వదిలేస్తే భయం మళ్లీ మొదటికొస్తుంది, ఎక్కువ ఇళ్లలో జరిగేది ఇదే.

చదివే ముందు 'ఏమవుతుందనుకుంటున్నావు?' అని ఒక లైను రాయించండి. "అందరూ నవ్వుతారు" అని రాస్తుంది. అయ్యాక, కింద 'ఎంతమంది నవ్వారు?' అసలు మందు ఆ రెండో లైనే.

ఐదో తరగతి టీచర్, గుంటూరు
ముందు క్లాసులో ఎవరైనా వెక్కిరిస్తున్నారేమో కనుక్కోండి. అదే కారణమైతే మెట్లు పనిచేయవు. తెలుగు చదివేటప్పుడు ఒత్తులు, గుణింతాలు తడబడుతున్నాయా? అయితే భయం కన్నా ముందు చదవడంలో ఇబ్బంది చూడాలి.

కొట్లో "ఏం కావాలమ్మా?" అంటే అమ్మే జవాబు చెప్పేస్తుంది. మనసులో ఐదు లెక్కపెట్టి ఆగండి. పెన్సిలు, రబ్బరు అడగడం, చిల్లర లెక్కచూసుకోవడం పాపదే. తర్వాత రైతు బజారులో బెండకాయల ధర. తల దించుకుని గొణిగినా లెక్కే. చుట్టాల ముందు "మా పిల్లకి సిగ్గు" అనడం, "ఏదీ, పద్యం చెప్పు" అనడం రెండూ ఆపండి.

జ్వరం, వాంతులు లేకపోతే సోమవారం ఆలస్యంగానైనా బడికే. ఇంట్లో ఉండాల్సివస్తే టీవీ, ఫోను వద్దు.

పిల్లల సైకాలజిస్టు, విజయవాడ
తోటిపిల్లల దగ్గర కూడా భయం ఆరు నెలలకు పైగా ఉంటేనే సోషల్ యాంగ్జైటీ (నలుగురి ముందు విపరీతమైన భయం) అని చూస్తాం. బడిలో స్నేహితులతో కూడా నెలకు పైగా మాట రాకపోతే అది సెలెక్టివ్ మ్యూటిజం (ఇంట్లో మాట్లాడే పిల్లలకు కొన్ని చోట్ల మాట రాకపోవడం) కావచ్చు. అప్పుడు నేరుగా ప్రశ్నలు వేయకుండా వేరే పద్ధతిలో వెళ్లాలి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లో సైకియాట్రీ విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న అడిగినవారు
రికార్డింగు క్లాసంతటికీ వినిపించొచ్చా?

స్కూల్ కౌన్సెలర్
పాప ఒప్పుకుంటేనే. అదొక కొత్త మెట్టు, ముందు దానికీ మార్కు వేయించండి.