లేవీయకాండం దగ్గర ఆగిపోయాను, ప్రార్థన కూడా ఎండిపోయింది. ఎలా కొనసాగాలి?

ప్రశ్న (కొత్త విశ్వాసి)
అందరికీ వందనాలు. జనవరి 1 నుంచి రోజుకు మూడు అధ్యాయాల చొప్పున బైబిలు చదువుతున్నాను. మూడో పుస్తకమైన లేవీయకాండంలోకి వచ్చాక వెనకబడ్డాను, బాకీ రోజురోజుకీ పెరుగుతోంది. ఉదయం మోకరిస్తే రెండు నిమిషాల్లో మాటలు అయిపోతున్నాయి. ఇప్పటికి ఆపేసి, వచ్చే జనవరిలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం మేలా?

జవాబు (బైబిల్ క్లాస్ టీచర్)
ఆపొద్దు బ్రదర్. ఆదికాండం 50, నిర్గమకాండం 40, కలిపి 90 అధ్యాయాలు. రోజుకు మూడంటే జనవరి ఆఖరుకి ఎవరైనా లేవీయకాండం గుమ్మంలోనే ఉంటారు. వచ్చే ఏడాదీ మీరు వచ్చేది అక్కడికే.

ముందు బాకీ కొట్టేయండి. పది రోజులు తప్పితే ముప్పై అధ్యాయాలు. శనివారం కూర్చుని అన్నీ లాగించేద్దామనుకుంటే కళ్లు అక్షరాల మీద పరుగెడతాయి గానీ వాక్యం లోపలికి దిగదు. చాలామంది మానేసేది సరిగ్గా ఆ శనివారం తర్వాతే. తేదీలున్న పట్టిక పక్కన పెట్టి, అధ్యాయాల అంకెలు మాత్రమే రాసిన కాగితం బైబిల్లో పెట్టుకోండి. చదివిన అంకె కొట్టేయండి, మర్నాడు దాని తర్వాతది. మొత్తం 1189 అధ్యాయాలు. రోజుకు రెండైతే దాదాపు ఇరవై నెలలు పడుతుంది, పట్టనివ్వండి.

లేవీయకాండాన్ని ఒకే ముద్దగా మింగొద్దు. 1 నుంచి 7 వరకు అయిదు రకాల అర్పణలు. ఒక్కోదాని దగ్గర ఆగి, ఏం తెచ్చారు, ఎందుకు తెచ్చారు, ఎవరు తిన్నారు అని చూడండి. దహనబలిలో మాంసమంతా బలిపీఠం మీదే కాలిపోతుంది. సమాధానబలిలో తెచ్చినవాడు కూడా తింటాడు. ఆ తేడా పట్టుకున్నాక ఆ అధ్యాయాలు విసుగనిపించవు. 13, 14 అధ్యాయాలు కుష్ఠు గురించి, 59, 57 వచనాలు. అక్కడ రోజుకు ఒక్కటే చాలు. ప్రాయశ్చిత్త దినం గురించిన 16వ అధ్యాయం చదివిన రోజే, కొత్త నిబంధనలో దాన్ని క్రీస్తుతో ముడిపెట్టే హెబ్రీయులకు 9 కూడా చదవండి, దీన్ని దాటేసి వెళ్తే ఎంత పోగొట్టుకునేవారో అర్థమవుతుంది.

జవాబు (ప్రార్థన గుంపు)
ప్రార్థన సంగతి చెప్తాను. ఆనందం తగ్గినంత మాత్రాన దేవుడు వదిలేశాడని కాదు. ఎండిన కాలంలో పాత తీర్మానాలు మార్చుకోవద్దనీ, నియమించుకున్న సమయం కంటే కాస్త ఎక్కువే కూర్చోవాలనీ 16వ శతాబ్దంలో జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా చెప్పాడు. పది నిమిషాలు పెట్టుకున్నారా, పదకొండో నిమిషం దాకా లేవకండి.

సొంత మాటలు రాకపోతే కీర్తన అరువు తెచ్చుకోండి. 13వ కీర్తన ఆరే వచనాలు. మొదటి రెండూ ఫిర్యాదు, తర్వాతి రెండూ మనవి, చివరి రెండూ నమ్మకం. పైకి వినబడేలా చదవండి. ఫిర్యాదు దగ్గర మీ ఫిర్యాదు, మనవి దగ్గర మీ మనవి చేర్చండి. చివరి భాగం నోటికి రాని రోజు 88వ కీర్తనకు వెళ్లండి. అది చీకటిలోనే ముగుస్తుంది, అయినా అదీ ప్రార్థనే. నటించి పలికిన స్తుతి కంటే అలా నిజం చెప్పడానికే ఎక్కువ ధైర్యం కావాలి.

ప్రశ్న (కొత్త విశ్వాసి)
చాలా థాంక్స్ అండీ. నాకు షిఫ్టులు మారుతుంటాయి, ఒకే సమయం కుదరదు. అప్పుడెలా?

జవాబు (బైబిల్ క్లాస్ టీచర్)
గడియారానికి కాకుండా రోజూ తప్పని పనికి ముడి వేయండి. ఏ షిఫ్టయినా స్నానం ఉంటుంది కదా, అది కాగానే ఫోన్ ముట్టుకోకముందే కూర్చోండి.

జవాబు (సంఘ పెద్ద)
ఒక్క మాట కలుపుతాను. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చావు కోరుకుని బదరీవృక్షం కింద పడుకుంటే, దూత ముందు బోధ చేయలేదు. తినమన్నాడు. మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి పెట్టాడు. హోరేబు కొండ దాకా నలభై రోజుల నడక ఆ తర్వాతే. షిఫ్టుల మధ్య మీ నిద్ర ఎన్ని గంటలో ముందు చూసుకోండి. నిద్రా ఆకలీ వారాల తరబడి పోతే, బతకాలనిపించకపోతే, ప్రార్థనతో పాటు డాక్టర్ దగ్గరికి కూడా వెంటనే వెళ్లండి. అది అవిశ్వాసం కాదు.

సంఘంలో ఒక్కరిని ఎంచుకుని, ఆ రోజు చదివిన అధ్యాయం అంకె మాత్రం మెసేజ్ పెట్టండి. చదవని రోజు సున్నా పెట్టండి. సున్నా పెట్టడానికి సిగ్గుపడి మెసేజే మానేస్తే, రెండో రోజు వాళ్లే ఫోన్ చేయాలని ముందే మాట తీసుకోండి.