"దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు": రెండో వరం ఎక్కడిది?

నల్లకుంట సభ్యుడు: మన నిఘంటువులో ఈ సామెత ఎలా ఇవ్వాలో తేల్చాలి. వరమిచ్చేది దేవుడైతే పూజారి దగ్గర ఇవ్వడానికి ఏముంది? "ఇవ్వనివ్వడు" అనాలి కదండీ? పేపర్లలో "దేవుడు కరుణించినా పూజారి కరుణించలేదు" అనీ రాస్తున్నారు. ఏది సరి? ఇంతకీ ఇది నాస్తికులు పుట్టించిన మాటేనా?

విద్యానగర్ సభ్యురాలు: "ఇవ్వనివ్వడు" అంటే అర్థం సరిపోతుంది గానీ సామెత చచ్చిపోతుంది. గుళ్లో ఏం జరుగుతుందో చూడండి. గర్భగుడి గడప దాటేది అర్చకుడొక్కడే. ఉద్ధరిణెతో తీర్థం పోసేదీ, శఠారి తలమీద ఆనించేదీ, స్వామి మెడలో దండలోంచి పువ్వు తుంచి ఇచ్చేదీ ఆయనే. అన్నీ ఆ చేతిమీదుగానే వస్తుంటే వరం కూడా ఆయన సొత్తే అయి కూచుంది. దేవుడికి వాడిన క్రియనే పూజారికీ వాడటంలోనే వెటకారమంతా ఉంది.

ఇక "ఇవ్వడు" తద్ధర్మ వ్యతిరేకం, అంటే ఆయన స్వభావమే అంత. "కరుణించలేదు" అంటే ఒకసారి జరిగిన సంగతి. హెడ్డింగుకు పనికొస్తుంది, సామెతకు పనికిరాదు.

వాడకంలో ఎక్కువమంది జారేది ఇంకోచోట. ముగ్గురుండాలి: ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు, మధ్యవాడు. పైవాడు అప్పటికే ఇచ్చేసి ఉండాలి. పింఛను మంజూరై, ఆర్డరు కాపీ సెక్షన్‌లో గుమస్తా బల్ల మీద ఆగిపోతే ఈ సామెత అతికినట్టు సరిపోతుంది. ఆఫీసరే కుదరదన్నాక దీన్ని వాడితే తప్పు. అక్కడ వరమే లేదు.

నాస్తికుల మాట కానే కాదు. మొదటి సగంలో దేవుడున్నాడు, పిలిస్తే పలుకుతున్నాడు కూడా. అనుమానమంతా ఆయనకీ మనకీ నడుమ నిలబడ్డవాడి మీదే. మోసం చేశారనడానికి "శఠగోపం పెట్టారు", "పంగనామాలు పెట్టారు" అంటాం. గుడి సరంజామా తెలిసినవాళ్ల నోట పుట్టినవే అవీ. కన్నడంలో, తమిళంలో కూడా ఈ సామెత ఉంది.

లాల్‌దర్వాజ సభ్యుడు: మా దిక్కు "పూజారి ఇయ్యడు" అంటరు. ఒక ముచ్చట. పూజారి అనంగనే బ్రాహ్మణ అర్చకుడే అనుకోకుండ్రి. పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ గుళ్లల్ల చాలాచోట్ల వేరే కులాలోళ్లే పూజారులు. సామెత కులాన్ని అంటలేదు, గడప కాడ కూసున్నోణ్ణి అంటున్నది. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుళ్లె బోనాల తెల్లారి రంగం జూడుండ్రి, అంటే భవిష్యవాణి. పచ్చికుండ మీద నిలబడ్డ ఆడమనిషి నోట అమ్మ పలుకుతది. పూజారులు ఎదురుంగ నిలబడి అడుగుతరు. పూజలు సక్కగ చేస్తలేరని వాళ్లనే కోపం చేసిన ఏండ్లు గూడ ఉన్నయి! దర్గాలకు గూడ ఈ మాట వర్తిస్తది. ముతవల్లి వక్ఫ్ ఆస్తిని చూసుకునేటోడే, దానికి మాలిక్ గాదు.

బర్కత్‌పుర వకీలు: చట్టం సంగతి నేను చెప్తాను, ఎందుకంటే దానితో ఈ సామెతలో పాత్రలే మారిపోయాయి. 1987 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం (30వ నంబరు) 16వ సెక్షన్‌తో వంశపారంపర్య ధర్మకర్తలను తీసేసింది. 34వ సెక్షన్‌తో అర్చక మిరాశీ, అంటే వంశపారంపర్యంగా వచ్చే అర్చకత్వ హక్కు, పోయింది. 144వ సెక్షన్‌తో హుండీలో వాటాలు, రుసుములు పోయాయి. 1996లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది: పూజావిధానం మతానికి చెందినదే గానీ అర్చకుణ్ణి నియమించడం లౌకిక వ్యవహారమని తేల్చింది. 2007 సవరణతో అర్చక కుటుంబాలకు కొంత హక్కు తిరిగొచ్చింది.

మిరాశీ పోవాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. కానీ పెత్తనం గర్భగుడి గడప దగ్గర్నుంచి లేచి బొగ్గులకుంటలో కమిషనర్ కార్యాలయానికి వెళ్లింది, అంతే. చిన్న గుళ్ల అర్చకుల సంగతి చూడండి. ధూపదీప నైవేద్యం కింద నెలకు 6,000 ఉన్నదాన్ని 10,000 చేస్తామని 2023లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. జాబితాలో పేరుంటేనే ఆ డబ్బు. అక్కడ ఆ అర్చకుడే భక్తుడు, మంత్రిగారు దేవుడు, ఫైలు చూసే ఉద్యోగి పూజారి.

నల్లకుంట సభ్యుడు: సరేనండీ. అయితే నిఘంటువులో "పూజారి" కింద "అడ్డుపడే మధ్యవర్తి" అని రెండో అర్థం ఇవ్వొచ్చా?

విద్యానగర్ సభ్యురాలు: వద్దు. ఆ పదాన్ని విడిగా ఎవరూ అలా వాడరు. "మా ఆఫీసు పూజారి" అంటే ఎవరికీ అర్థం కాదు. ఆ అర్థం సామెత దాటి బయటికి రాలేదు కాబట్టి "వరం" అనే ఆరోపం (నిఘంటువులో పెట్టే మాట) కింద సామెత మొత్తం ఇచ్చి, ప్రయోగం కింద ఆ ముగ్గురి సంగతి రాయండి.